డిగ్రీ గుర్తు

టెక్కలి, కాలేజీ హాస్టలు
జూలై నెలాఖరు

అత్తా,

ఆదివారం వార్డెన్ గారి ఫోను దగ్గర నా వెనక ఎంతమంది నిలబడి ఉంటారో నీకు తెలియదు. ఆ గోలలో అమ్మతో తిన్నాను, పడుకున్నాను అని చెప్పడానికే సరిపోతుంది. లెక్క అడగడం కుదరదు. అయినా ఇది ఫోనులో అడిగేది కాదు, బొమ్మ గీసుకోవాలి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. గేటు పక్కన పోస్టు డబ్బా ఉంది. అందులో ఎవరూ ఏమీ వెయ్యరు గానీ రోజూ తాళం తీసి చూస్తారట.

మొదటి యూనిట్ టెస్టులో త్రికోణమితి పోయింది. సగం మార్కులు కూడా రాలేదు. పదో తరగతిలో నీ క్లాసులో కూర్చుని నూటికి నూరు తెచ్చుకున్నదాన్ని. ఒకచోట సైన్ ముప్పై విలువ అర అని రాశాను. మల్లేశ్వరరావు సార్ దాన్ని అడ్డంగా కొట్టేశారు. వెళ్ళి అడిగితే, ముప్పై పక్కన పైన ఆ చిన్న సున్న ఏదమ్మా అన్నారు. డిగ్రీ గుర్తు లేకపోతే అది ముప్పై రేడియన్లట, నేను రాసింది వేరే కోణమట. వెనక బెంచీ వాళ్ళు నవ్వారు.

సార్ చెడ్డవారు కాదు. సిలబస్ వెనకబడిందని తొందరగా చెబుతారు, అంతే. నూట ఎనభై డిగ్రీలు అంటే పై రేడియన్లు అని బోర్డు మీద రాసి, దాన్ని పట్టుకుని వరసగా లెక్కలు చేయించేశారు. మార్చడం నాకూ వచ్చు. పైతో గుణించి నూట ఎనభైతో భాగిస్తాను. కానీ రేడియన్ అంటే ఏమిటో కళ్ళకు కనబడడం లేదు. డిగ్రీ కనబడుతుంది. నువ్వు క్లాసు తలుపు కొంచెం కొంచెం తెరుస్తూ ఇది ముప్పై, ఇది అరవై, ఇది తొంభై అని చూపించేదానివి. రేడియన్‌ని ఎక్కడ చూడాలి? డిగ్రీలు ఉండగా ఇంకో కొలత ఎందుకు?

నాన్న పోయిన ఆదివారం వస్తానని రాలేదు. నీకు మంగళవారం ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది.

గౌతమి

*

అక్కుపల్లి
ఆగస్టు

గౌతమీ,

మీ సార్ కొట్టేసింది న్యాయమే. ముప్పై రేడియన్లంటే గుండ్రంగా అయిదు చుట్లకు కాస్త తక్కువ తిరిగి ఆగడం. నువ్వు చెప్పదలచుకున్నది తలుపు ఓరగా తెరవడం. రెంటికీ చాలా దూరం ఉంది. నవ్విన వాళ్ళను వదిలెయ్. వాళ్ళలో సగం మందికి ఎందుకు నవ్వారో తెలిసి ఉండదు.

ఇప్పుడు రేడియన్‌ని చూద్దాం. నిన్న మీ అమ్మ చేపల గంపను అరుగు మీద బోర్లించి, చుట్టూ సుద్దముక్కతో గీశాను. "నా గంపతో ఏటి సేత్తన్నావు జోస్నా, బేరానికెల్లాల" అని మీ అమ్మ గొణిగింది. కాసేపు ఆగమన్నాను. వృత్తం మధ్యబిందువు పట్టుకుని, అక్కణ్ణుంచి గీత దాకా వలతాడు ముక్క ఒకటి కొలిచి తెంపాను. అది వ్యాసార్ధం. ఆ ముక్కనే తీసుకెళ్ళి వృత్తం గీత వెంబడి వంచి పరిచాను. దాని రెండు కొసల నుంచీ మధ్యకు రెండు గీతలు గీశాను. మధ్యలో ఏర్పడిన ఆ కోణం ఉంది చూడు, అదే ఒక రేడియన్. మన డిగ్రీల్లో యాభై ఏడు దాటి కాస్త. బొమ్మ వెనక పేజీలో ఉంది.

అదే తాడును గీత మీద వరసగా పరుచుకుంటూ వెళ్ళు. సగం చుట్టుకు మూడుసార్లు పట్టి, ఇంకొంచెం ఖాళీ మిగులుతుంది. ఆ మూడూ, ఆ కొంచెమూ కలిపితే పై. సార్ బోర్డు మీద రాసింది ఇదే. గంప పెద్దదైతే తాడూ పెద్దదవుతుంది, కోణం మాత్రం మారదు.

ఇంకో కొలత ఎందుకన్నావు. చుట్టును మూడు వందల అరవై ముక్కలు చెయ్యాలని ఎప్పుడో మనుషులు అనుకున్నారు, రకరకాలుగా పంచుకోవడానికి వీలుగా ఉంటుందని. మంచి సంఖ్యే, కానీ అది బయటి నుంచి తెచ్చి పెట్టినది. రేడియన్‌లో వృత్తాన్ని దాని సొంత వ్యాసార్ధంతోనే కొలుస్తున్నాం. అందుకని చాపం పొడవు కావాలంటే వ్యాసార్ధాన్ని కోణంతో గుణిస్తే చాలు, మధ్యలో నూట ఎనభైలు రావు. ముందు ముందు దీని సుఖం నీకే తెలుస్తుంది.

మంగళవారం, శుక్రవారం పలాసలో టీచర్లకు శిక్షణ పెట్టారు. సాయంత్రం దాకా ఫోను ముట్టుకోనివ్వరు. ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది. మీ నాన్న నన్ను దింపడానికి వస్తున్నాడు, ఆ రోజుల్లో ఆగిన వేట ఆదివారం చేస్తున్నాడు, అందుకే నీ దగ్గరకు రాలేకపోయాడు.

నీళ్ళు కాలేజీ ఫిల్టరువే తాగు.

నీ అత్త
జ్యోత్స్న

*

టెక్కలి
సెప్టెంబరు

అత్తా,

మెస్సులో కంచం బోర్లించి దారంతో చేశాను. మూడు, ఇంకొంచెం. చిన్న గిన్నెతోనూ అంతే వచ్చింది. ఆ కొంచెం మిగిలినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, నిజంగా. రెండో టెస్టులో రెండే మార్కులు పోయాయి.

నా గదిలో మోహిని అనే అమ్మాయి ఉంది. పలాస వాళ్ళది. తనకీ ఈ పాఠం అర్థం కాకపోతే నీ ఉత్తరం చదివి వినిపించాను. కింద నీ పేరు, ఊరు చూసి అది నా మొహం వైపు చూసింది. వాళ్ళమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్ చేయించుకుంటుంది. పక్క మంచం అక్కుపల్లి లెక్కల టీచరమ్మదట. సూది గుచ్చే ముందు గోడ వైపు తిరిగి ఎక్కాలు చదువుకుంటారట ఆవిడ.

నాకు ఇంకేమీ రాయాలని లేదు. అది శిక్షణ కాదని నువ్వే రాయి.

గౌతమి

*

పలాస
సెప్టెంబరు

గౌతమీ,

కాదు.

ఎడమ చెయ్యి యంత్రానికి కట్టేసి ఉంది. కుడిచేత్తో అట్ట మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే భయపడకు.

పోయిన వేసవి సెలవులకు ముందు కాళ్ళు వాచాయి. ఎండలో నిలబడి పరీక్ష డ్యూటీలు చెయ్యడం వల్ల అనుకున్నాను. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఈ ఉద్దానంలో పుట్టి అలా అనుకోవడం తెలివితక్కువ. మన వీధిలోనే ఎంతమందిని చూడలేదు. రక్తపరీక్ష చేయించేసరికే రెండూ చాలావరకు పోయాయన్నారు. ఎందుకు వస్తుందో ఎవరూ తేల్చి చెప్పరు. నీళ్ళంటారు, ఎండంటారు, నొప్పి బిళ్ళలంటారు. నాకు తేలే దాకా ఆగే ఓపిక లేకపోయింది. నిన్ను టెక్కలి హాస్టల్లో వెయ్యాలని మీ నాన్నతో పోట్లాడింది ఆ కాగితం చేతికొచ్చిన మర్నాడే. మంచి కాలేజీ అని ఇంట్లో చెప్పాను. నువ్వు ఆ ఊళ్ళో ఉండకూడదు, అంతే నా లెక్క.

ఇక్కడ సూది గుచ్చేది దోర్కాస్ అనే నర్సు. పలాసలో వాళ్ళ సంఘం చర్చి పక్కనే ఇల్లు. చేతిలో సిరను, ధమనిని కలిపి కుట్టి లావుగా చేస్తారు, దానిలోకి సూది వెళ్ళాలి. ఆవిడ పాతిక డిగ్రీల వాలులో మెల్లగా పోనిస్తుంది. పోయిన వారం ఆవిడ సెలవు. కొత్తగా వచ్చిన కుర్రాడు మరీ ఎత్తుగా, నలభై అయిదు డిగ్రీల దాకా లేపి గుచ్చాడు. సూది ఆ రక్తనాళం అవతలి గోడ కూడా దాటి కండలోకి పోయింది. మోచేతి దాకా నల్లగా పొంగింది. వాడు పదే పదే క్షమించమంటుంటే పాపం, నేనే ఊరుకోమన్నాను. కోణం తప్పితే ఏమవుతుందో పిల్లలకు ఇన్నేళ్ళు చెప్పాను, ఒంటి మీద చూడడం మాత్రం అదే మొదలు.

నీకో లెక్క ఇస్తాను. నా తల పక్కన యంత్రంలో ఒక చక్రం తిరుగుతూ గొట్టాన్ని నొక్కి రక్తాన్ని ముందుకు తోస్తుంది. దాని వ్యాసార్ధం అయిదు సెంటీమీటర్లనుకో. నిమిషానికి ఇరవై చుట్లు. నాలుగు గంటల్లో ఎన్ని రేడియన్లు తిరుగుతుంది? దాని అంచు మీది బిందువు ఎంత దూరం పోతుంది? చేసి పంపు.

మీ నాన్న తన కిడ్నీ ఇస్తానంటున్నాడు. వద్దన్నా వినడం లేదు. పరీక్షలకు విశాఖపట్నం వెళ్తున్నాం. నువ్వు మాత్రం రావద్దు.

అత్త

*

టెక్కలి
సెప్టెంబరు

అత్తా,

ఆ లెక్క నేను చెయ్యను.

నీకు చక్రం కనబడిందా, రక్తం కనబడలేదా? ఒంట్లో రక్తం బయట తిరుగుతుంటే దాని మీద లెక్క కడతావా? నాకు చదువు అక్కర్లేదు. వచ్చేస్తాను. నువ్వు మంచం మీద ఉంటే నేనిక్కడ కంచాలు బోర్లించుకుంటూ కూర్చున్నాను.

నన్ను ఊరి నుంచి పంపించేశావు. అమ్మ ఆ ఊళ్ళోనే ఉంది. నాన్న ఉన్నాడు. వాళ్ళు తాగేవి ఏ నీళ్ళు?

నాన్న పరీక్షల సంగతి దాచకుండా రాయి. నీకు నచ్చిన ముక్క రాసి మిగతాది మింగితే నేను మోహినిని అడుగుతాను.

గౌతమి

*

అక్కుపల్లి
అక్టోబరు

గౌతమీ,

నువ్వన్నది నిజమే. నాకు రక్తం వైపు చూడడం చేతకాదు, అందుకే చక్రం వైపు చూస్తాను. లెక్క చెయ్యకపోతే మానెయ్.

విశాఖపట్నం వెళ్ళి వచ్చాం. నీకు చెప్పొద్దని మీ నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను ఒట్టు వేశాను. ఇప్పుడు రాస్తున్నాను. నీతో ఒకసారి అబద్ధమాడితే ఏమైందో చూశాను కనుక.

మా ఇద్దరి రక్తం కలిసింది. ఆ మాట చెప్పిన రోజు మీ నాన్న ఆసుపత్రి గేటు దగ్గర నాకు కొబ్బరిబొండం కొని, ఈ జబ్బుకు నేను అది తాగకూడదని గుర్తొచ్చి తనే తాగేశాడు. ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. మిగతా పరీక్షలు అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టింది. మీ అన్నయ్య దాత కాలేడు, ఆయనకీ కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది అంది. ఇప్పుడే యంత్రం అక్కర్లేదట. మందులు వాడుతూ, ఎండలో వేట తగ్గించుకుంటే కొన్నేళ్ళు నడుస్తాయట. ఎన్నేళ్ళో చెప్పలేదు.

బస్సు శ్రీకాకుళం దాటాక మీ నాన్న కిటికీలోంచి చూస్తూ, నెమ్మదిగా, "కుళ్ళిన సేపని తాజాదని నీకు అంటగట్టబోయినాను సెల్లీ" అన్నాడు. ఆ రిపోర్టుల కవరు తన ఒళ్ళోంచి నా ఒళ్ళోకి తీసుకున్నాను. కాసేపయ్యాక, "గుంటకి సెప్పకు. సెప్తే పుస్తకాలట్టుకుని వచ్చేత్తాది" అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి పడవ ఎక్కేశాడు. మీ అమ్మ ఎండుచేపలు ఆరబెడుతూ ఒకే చేపను చాలాసేపు తిప్పింది.

నువ్వు వస్తానంటే ఆపే ఓపిక నాకు లేదు. కానీ మీ నాన్న మాట అబద్ధం చెయ్యి. పుస్తకాలు పట్టుకుని రావద్దు.

అత్త

*

టెక్కలి
అక్టోబరు

అత్తా,

నీ ఉత్తరం వచ్చాక కొన్ని రోజులు ఏ క్లాసుకూ వెళ్ళలేదు. జ్వరమని చెప్పాను. మల్లేశ్వరరావు సార్ హాస్టలు వరండాలోకి వచ్చి అడిగితే అంతా చెప్పి ఏడ్చేశాను. ఆయన ఏమీ ఓదార్చలేదు. తన బావమరిది కూడా కంచిలి దగ్గర ఈ కిడ్నీ జబ్బుతోనే పోయాడని చెప్పి, "నీకు నువ్వు పరీక్ష చేయించుకున్నావేటమ్మా" అన్నారు.

ఆ మాట నేను అప్పటిదాకా అనుకోలేదు. అనుకోలేదనడం కంటే, పక్కకు నెట్టేశాననాలి. మోహినికీ అంతే. శనివారం సార్ వాళ్ళ ఇంటావిడ మా ఇద్దరినీ టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కాగితం వచ్చే దాకా మోహిని నా చెయ్యి వదల్లేదు. ఇద్దరికీ బాగానే ఉన్నాయి. అప్పుడు ఇద్దరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాం. ఎందుకో తెలియదు, బాగానే ఉన్నాయి కదా.

నీ లెక్క చేశాను. ఒక చుట్టుకు రెండు పైలు, నిమిషానికి నలభై పైలు, నాలుగు గంటలకు తొమ్మిది వేల ఆరు వందల పైల రేడియన్లు. అయిదుతో గుణిస్తే కిలోమీటరున్నర. డిగ్రీల్లో కూడా చేసి చూశాను. అదే వచ్చింది గానీ రెండింతల కాగితం పట్టింది. నువ్వన్న సుఖం ఇదే అనుకుంటా. చేస్తున్నంతసేపూ ఆ బిందువు ఒక్క అంగుళం కూడా ముందుకు పోకుండా కిలోమీటరున్నర తిరుగుతుందని తోచి, పెన్ను పక్కన పెట్టేశాను. మళ్ళీ తీసుకుని పూర్తి చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. నన్ను బడిలో రెండేళ్ళు ఆలస్యంగా వేశారు కదా, జనవరిలో నాకు పద్దెనిమిది నిండుతాయి. నావి బాగున్నాయి. ఒకటి ఇవ్వగలను. కానీ నువ్వున్నావు, నాన్న ఉన్నాడు. నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒకటే. నాన్నకు ఇప్పుడే అక్కర్లేదన్నారు కాబట్టి నీకే అనుకుంటాను. మళ్ళీ, నాన్నకు అవసరం వచ్చిన రోజున నేనేం చెప్పాలి అనుకుంటాను. ఈ లెక్క నాకు రావడం లేదు అత్తా. నువ్వు చెప్పు.

గౌతమి

*

అక్కుపల్లి
అక్టోబరు చివర

నా తల్లీ,

నీ కాగితంలో బాగానే ఉన్నాయన్న మాట చాలాసార్లు చదివాను. మీ అమ్మకు చదివి వినిపించాను. మీ సార్‌కూ, వాళ్ళ ఇంటావిడకూ నా నమస్కారాలు చెప్పు. నేను చెయ్యవలసిన పని వాళ్ళు చేశారు. నిన్ను ఊరు దాటించాను గానీ, ఆ పరీక్ష చేయించే ధైర్యం నాకు లేకపోయింది.

నీ ప్రశ్నకు జవాబు. డాక్టరమ్మను అడిగాను. నువ్వు రాయకముందే అడిగాను, ఎందుకంటే నువ్వు ఈ మాట అంటావని నాకు తెలుసు. అత్తకూ తండ్రికీ ఈ జబ్బు ఉన్న ఇంట్లో, ఈ తీరంలో పెరిగిన పిల్ల దగ్గర కిడ్నీ తాము తీసుకునేది లేదని ఖచ్చితంగా చెప్పింది. నీకు అవి రెండూ కావాలి. కనుక నువ్వు ఎవరినీ ఎంచుకోనక్కర్లేదు. ఆ బరువు దించేసుకో.

డాక్టరమ్మ ఒప్పుకున్నా నేను తీసుకోను. త్యాగమని అనుకోకు. నాకు బతకాలని ఉంది. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. పొద్దున్న పదో తరగతి పిల్లలు అరుగు మీదకు వచ్చి కూర్చుంటారు, కూర్చునే పాఠం చెబుతున్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఇంకా చాలా ఏళ్ళు బతకాలనిపిస్తుంది. దాహం వేస్తుంది. కొలత దాటి తాగకూడదన్నారు గానీ, చెంబెడు నీళ్ళు గటగటా తాగాలని ఉంటుంది. కానీ నీ ఒంట్లోంచి తీసుకుని కాదు.

ఆ చక్రం లెక్క సరిగ్గా చేశావు. అయిదు పక్కన సెంటీమీటర్లని రాయలేదు, ఒక మార్కు తీసేశాను.

సముద్రం ఉదయం నుంచీ బూడిదరంగులో ఉంది. తుఫాను వస్తోందని, వేటకు పోవద్దని మైకులో చెప్పారు. మీ నాన్న పడవను పైకి లాగించాడు. రేపు శుక్రవారం నా వంతు. గాలి ముదరకముందే పలాస చేరాలి.

అత్త

*

అక్కుపల్లి
నవంబరు

తల్లీ గౌతమీ,

నాను మీ నాన్నని. ఇది నా సేతిరాతే. ఐదో తరగతిలో వదిలేసిన రాత, తప్పులుంటే సరిసేసుకుని సదువు.

నువ్వు అత్త దినానికొచ్చి ఎల్లిపోయినావు. ఇంటినిండా మనుసులు. నీకు సెప్పాల్సింది సెప్పలేకపోయినాను. అందుకు రాత్తన్నాను.

శుక్రవారం ఎల్లలేకపోయినాము. పొద్దున్నే గాలి లేసింది. ఆటోవోడు రానన్నాడు. శనివారం గాలి తగ్గిందిగానీ రోడ్డంతా జీడిచెట్లు, కొబ్బరిచెట్లు అడ్డంగా పడిపోయినాయి. అత్తకి ఆయాసం. పడుకుంటే ఊపిరాడతల్లేదు. నాతో ఏటకొచ్చీ యువరాజూ నానూ పిలాస్టిక్ కుర్చీకి తెడ్లు కట్టి, దాంట్లో కూకోబెట్టి మోసినాము. చెట్టొచ్చిన కాడ దించడం, దాటించడం, మళ్ళీ ఎత్తడం. మీ అమ్మ ఎనకాల గొడుగట్టుకుని వచ్చింది.

కొంత దూరం పోయినాక అత్త, "అన్నా దించు, నీకూ ఆయాసమొత్తంది" అంది. నాను దించలేదు. ఎత్తింది ఎత్తినట్టే నడిసినాను. అప్పుడంది, "నీ సంగతి గౌతమికి రాసేసినాను. ఒట్టు తప్పినాను. అయినా నువ్వు నీ నోటితో దానికి సెప్పాల. మనిద్దరం దాసి దాసి దాన్ని ఒంటరిదాన్ని సేత్తన్నాం" అంది. నాకు కోపమొచ్చింది. అడుగు పెంచినాను. అదే నాతో ఆఖరి మాట.

రోడ్డు బాగున్న కాడి నించి ఎవరిదో జీపులో పలాస ఎల్లినాము. దోర్కాసమ్మ ఎదురొచ్చి లోపలికి తీసుకుపోయింది. మిషనుకి కట్టినారు. గుండె ఆగిపోయింది. ఎవరి తప్పూ నేదు తల్లీ. ఆలస్యమైపోయింది.

ఇప్పుడు సెప్తన్నాను. నాకూ కిడ్నీలు పాడౌతన్నాయి. మందులేసుకుంతన్నాను. నెలనెలా పరీచ్చకెల్తాను, మీ అమ్మ కూడా సేయించుకుంది, దానికి బాగానే ఉంది. నాకు బయమేత్తంది. సముద్రంలో ఎప్పుడూ ఇంత బయమెయ్యలేదు. ఇది నీకు గాక ఎవరికి సెప్పను.

నువ్వు నాకు ఏటీ ఇవ్వద్దు. అత్త సెప్పిందే నా మాట.

అత్త పోయింది గాబట్టి ఇక నీకు ఉత్తరాలు రాసీవోళ్ళు నేరు. నాను రాత్తాను. లెక్కలు నన్నడగొద్దు, ఆ సారునడుగు. ఇక్కడ సంగతులు రాత్తాను. నిన్న మొదటిసారి ఏటకెల్లినాము. నీళ్ళింకా బురదగానే ఉన్నాయి. వలలో సేపలకంటే జీడికొమ్మలే ఎక్కువ పడినాయి. ఇలాటివి రాయొచ్చో లేదో నాకు తెలవదు. రాయొచ్చంటే సెప్పు, మళ్ళీ రాత్తాను.

మీ నాన్న
కూర్మారావు